ఆ ఎనిమిది నిమిషాలు ఎక్కడికీ పోలేదు, మాస్టారూ

ప్రశ్న: నేను రిటైరైన హైస్కూలు టీచర్ని. ఉండేది హనుమకొండలో. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫిల్మ్ సొసైటీ వాళ్లు వేసిన 'సెవెన్ సమురాయ్' చూశాను. అప్పట్నుంచి జపాన్ కత్తి యుద్ధాల సినిమాలంటే ప్రాణం. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, సంక్రాంతికి వస్తున్నాడు. "ఏ డిస్కులు కావాలో రాసి పంపు నాన్నా, తెస్తాను" అన్నాడు. ఇంట్లో హైదరాబాద్‌లో కొన్న బ్లూరే ప్లేయర్ ఉంది. మా అమ్మాయి కొడుకు పండక్కి వచ్చేటప్పుడు తన ప్లేస్టేషన్ 5 తెస్తానన్నాడు. ఒక సందేహం. నా దగ్గరున్న 'సెవెన్ సమురాయ్' పాత డీవీడీ 199 నిమిషాలే నడుస్తుంది. సినిమా నిడివి 207 నిమిషాలని అందరూ రాస్తున్నారు. ఏ సీన్లు కోసేశారు? ఇంకో మాట. మా ఆవిడకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అంత వేగంగా చదవడం కష్టం. ఇద్దరం కలిసి చూడాలని నా కోరిక. అన్నీ కలిపి ముప్ఫై, నలభై వేల దాకా పెట్టగలను. ఏం తెప్పించుకోమంటారు?

సమాధానం:

మాస్టారూ, ముందు మీ సందేహం తీర్చేస్తాను. మీ డీవీడీలో ఒక్క సీను కూడా కోయలేదు. సినిమా సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. మన దేశంలోనూ యూరప్‌లోనూ వాడిన పాల్ పద్ధతి టీవీలకి సెకనుకి 25 కావాలి. డీవీడీలు తయారు చేసేవాళ్లు తేలికైన దారి పట్టి, సినిమా మొత్తాన్ని ఆ ఒక్క ఫ్రేము మేర వేగం పెంచి ఎక్కించేశారు. 207ని 24తో హెచ్చించి 25తో భాగించి చూడండి, 199కి కాస్త తక్కువ వస్తుంది. మీ ఎనిమిది నిమిషాలు అవే. గొంతులు కూడా కొద్దిగా సన్నబడతాయి, సంగీతం కొంచెం పై శ్రుతిలో పలుకుతుంది. మీ డిస్కు 160 నిమిషాల దగ్గర్లో ముగిసి ఉంటే మాత్రం నేనూ కంగారు పడేవాణ్ణి. విదేశాల కోసం బాగా కుదించిన ప్రతులు చాలాకాలం చెలామణీలో ఉన్నాయి. మీది అది కాదు.

సీన్లు పోలేదు కాబట్టి నష్టమేమీ లేదని మాత్రం అనలేను. ఇదే సినిమాలో క్యూజో అనే కత్తి వీరుడు పరిచయమయ్యే ఘట్టం గుర్తు తెచ్చుకోండి. అతనూ ఇంకో సమురాయ్ మొదట వెదురు కర్రలతో పోటీ పడతారు. ఇద్దరి దెబ్బా ఒకేసారి పడినట్టు కనిపిస్తుంది. అవతలివాడు సమానం అంటాడు. నిజం కత్తయితే నువ్వు చచ్చేవాడివి అంటాడు క్యూజో, చాలా మామూలుగా. అవతలివాడికి రోషం వచ్చి నిజం కత్తి దూస్తాడు. ఇక అక్కణ్ణుంచి చూడాలి. వాడు అరుస్తూ ఉంటాడు, క్యూజో ఉలకడు పలకడు. చూసేవాళ్ల ఊపిరి కూడా ఆగిపోతుంది. తర్వాత ఒకే ఒక్క కదలిక. పడిపోయే మనిషిని దర్శకుడు కురొసావా స్లో మోషన్‌లో చూపిస్తాడు. ఈ ఘట్టంలో కత్తి తిరిగేది రెప్పపాటు. మిగతా అంతా ఎదురుచూపే. ఆ ఎదురుచూపు ఎంతసేపు ఉండాలో దర్శకుడు ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చుని, తూచి తూచి నిర్ణయించాడు. దాన్ని నాలుగు శాతం తొందరపెడితే సినిమా పాడైపోదు గానీ, ఆయన తూచినంత మాత్రం మనకి అందదు.

ఈ సినిమాలకి మంచి ప్రతి ఎందుకంత అవసరమో నేను చెప్పదలుచుకున్నది ఇదే. వీటిలో ఫైటు రెండింటి మీద నిలబడుతుంది. ఒకటి ఎదురుచూసే సమయం. రెండోది తెర వెడల్పు. సమయం సంగతి మీ డీవీడీ పుణ్యమా అని చెప్పుకున్నాం. వెడల్పు గురించి ఇంకా గట్టిగా చెప్పాలి.

1957 తర్వాత జపాన్ స్టూడియోలన్నీ వరసగా వెడల్పు తెరకి మారిపోయాయి. మీరు అడిగిన రకం సినిమాల్లో సగానికి పైగా ఆ కొలతలో తీసినవే. ఎత్తు ఒకటైతే వెడల్పు 2.35. వాటిని వీడియో క్యాసెట్ల కాలంలో పాత చదరపు టీవీకి సరిపెట్టడానికి రెండు పక్కలా కత్తిరించారు. లెక్క వేస్తే బొమ్మలో నలభై శాతానికి పైగా ఎగిరిపోతుంది. అలాంటి ప్రతులే తర్వాత చవక డీవీడీల్లోకీ వచ్చాయి. ఇప్పుడు 'యొజింబో' చూడండి. 1961లో వచ్చింది. కెమెరా కజువో మియగావా. ఒక ఊళ్లో రెండు ముఠాలు. మధ్యలోకి ఒక దిక్కూ మొక్కూ లేని సమురాయ్ వచ్చి ఇద్దర్నీ ఎగదోస్తాడు. రెండు ముఠాలూ వీధికి అటూ ఇటూ కత్తులు పట్టుకుని నిలబడితే, మన హీరో మిఫునె చల్లగా వెళ్లి ఊరి నడుమ ఉన్న కావలి మంచె ఎక్కి కూర్చుంటాడు. కింద వాళ్లు నాలుగడుగులు ముందుకేస్తారు, భయమేసి మూడడుగులు వెనక్కేస్తారు. పైన ఈయన నవ్వుకుంటూ ఉంటాడు. ఆ హాస్యమంతా మూడు చోట్లా ఏం జరుగుతోందో మనకి తెలుస్తూ ఉండటంలోనే ఉంది. పక్కలు కత్తిరించిన ప్రతిలో ఒక ముఠా కనిపిస్తే ఇంకో ముఠా ఉండదు. ఎవరు ఎవర్ని చూసి వెనక్కి తగ్గుతున్నారో అర్థం కాదు. అలాంటి ప్రతి చూసి "ఇందులో అంత గొప్పేముంది" అన్నవాళ్లని నేను తప్పుపట్టను. వాళ్లు చూసింది సగం సినిమా.

ఇక డిస్కుల విషయానికి వద్దాం. మీ అబ్బాయికి లిస్టు పంపే ముందు రీజియన్ గొడవ అర్థం చేసుకోవాలి. లేకపోతే అంత దూరం నుంచి మోసుకొచ్చిన డిస్కు పెట్టగానే తెర మీద "ఈ డిస్కు ఇక్కడ ఆడదు" అని వస్తుంది. బ్లూరేలకి ప్రపంచాన్ని మూడు ముక్కలు చేశారు. అమెరికా, జపాన్‌లు ఎ. బ్రిటన్, మిగతా యూరప్ బి. మన ఇండియా సి. డీవీడీల్లో అయితే అమెరికా 1, జపాన్, బ్రిటన్ 2, మనం 5. డిస్కు పెట్టె వెనక, కింది మూలలో చూడండి. బ్లూరే అయితే ఆరు మూలల చిన్న గుర్తులో అక్షరం ఉంటుంది, డీవీడీ అయితే భూగోళం బొమ్మలో అంకె ఉంటుంది. అమెరికాలో ఈ సినిమాల్ని శ్రద్ధగా తెచ్చే సంస్థ క్రైటీరియన్. వాళ్ల బ్లూరేలు ఎ రీజియన్‌కి తాళం వేసి ఉంటాయి. మీ హైదరాబాద్ ప్లేయర్‌లో అవి ఆడవు. బ్రిటన్ నుంచి వచ్చే బీఎఫ్‌ఐ, యురేకా సంస్థల బ్లూరేలు మామూలుగా బి. అవీ ఆడవు. జపాన్ డిస్కుల్లో చాలావాటికి ఇంగ్లీషు సబ్‌టైటిల్సే ఉండవు కాబట్టి వాటి జోలికి వెళ్లకండి.

దీనికి ఒక మంచి మినహాయింపు ఉంది. బ్లూరే కన్నా స్పష్టంగా బొమ్మ చూపించే 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకి రీజియన్ తాళం లేదు. అమెరికాలో కొన్న 4కే డిస్కు హనుమకొండలో ఏ 4కే ప్లేయర్‌లో పెట్టినా ఆడుతుంది. మీ మనవడి ప్లేస్టేషన్ 5లో కూడా ఆడుతుంది, అది డిస్కు పెట్టే అర ఉన్న మోడల్ అయితేనే సుమా. డిజిటల్ ఎడిషన్ అయితే ఆ అర ఉండదు, ముందే అడిగి తెలుసుకోండి. ఒక చిన్న మెలిక కూడా చెప్పాలి. క్రైటీరియన్ 4కే పెట్టెలో 4కే డిస్కుతో పాటు మామూలు బ్లూరేలు కూడా పెడతారు. సినిమా 4కే డిస్కు మీద ఉంటుంది, కానీ అదనపు వీడియోలు బ్లూరేల మీద ఉంటాయి. వాటికి మళ్లీ ఎ తాళమే. 'సెవెన్ సమురాయ్' పెట్టెలో కురొసావాతో ఇంకో పెద్ద దర్శకుడు నగీసా ఒషిమా 1993లో జరిపిన సుదీర్ఘ సంభాషణ ఉంది. మీలాంటి వాళ్లకి అది సినిమాతో సమానమైన విందు. ప్లేస్టేషన్ ఒక్కదాన్నే నమ్ముకుంటే అది చేతికి రాదు.

అదీ కాక, ప్లేస్టేషన్ పండక్కి వచ్చి పండగతో వెళ్లిపోతుంది. కనుమ మర్నాడు మీ దగ్గర డిస్కులు మిగులుతాయి, ఆడించే యంత్రం ఉండదు. అందుకని నా సలహా మీకు మొదట్లో నచ్చకపోవచ్చు. ఈ ఏడాది మీ డబ్బులో సగానికి పైగా ప్లేయర్ మీద పెట్టండి. అన్ని రీజియన్లూ ఆడేలా మార్చిన 4కే ప్లేయర్లు అమెరికాలో కొన్ని దుకాణాలు ప్రత్యేకంగా అమ్ముతాయి. మీ అబ్బాయి అది కొనేముందు ఒకటి తప్పకుండా చూడాలి. ప్లేయర్ వెనక కరెంటు వివరాల దగ్గర 100 నుంచి 240 వోల్టులు అని ఉండాలి. 120 అని మాత్రమే ఉంటే అది అక్కడి కరెంటుకే పనికొస్తుంది, మన గోడకి పెట్టారో మాడిపోతుంది. మార్చిన యంత్రానికి కంపెనీ వారంటీ ఉంటుందో ఉండదో కూడా దుకాణంవాళ్లనే అడగమనండి. ప్లేయర్లు తయారుచేసే కంపెనీలు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. ఒప్పో 2018లో మానేసింది, శాంసంగ్ 2019లో మానేసింది. డిస్కులు వచ్చే ఏడాదైనా దొరుకుతాయి. మంచి ప్లేయర్ దొరికినప్పుడే కొనుక్కోవాలి.

ఇవన్నీ ఆన్‌లైన్‌లో దొరకవా అని మీ అబ్బాయి అంటాడేమో. కొన్ని దొరుకుతాయి, ఒక నెల ఉండి ఇంకో నెల మాయమవుతాయి. క్రైటీరియన్ వాళ్ల సొంత ఛానెల్ అమెరికా, కెనడాలకే పరిమితం. మీ అబ్బాయికి వస్తుంది, మీకు రాదు.

ఈసారికి తెప్పించుకోవాల్సినవి మూడే పెట్టెలు. మొదటిది 'సెవెన్ సమురాయ్' 4కే. సినిమాకి డెబ్భై ఏళ్లు నిండిన సందర్భంగా బాగుచేసిన ప్రతి 2024లో వచ్చింది. చివరి యుద్ధం వానలో జరుగుతుంది కదా, బురదలో గుర్రాలు, మనుషులు, ఈటెలు అంతా కలిసిపోయి. కురొసావా దాన్ని ఒకేసారి ఒకటికి మించిన కెమెరాలతో, దూరం నుంచి లాగి చూపించే లెన్సులతో తీశాడు. పాత డీవీడీలో ఆ వాన బూడిదరంగు గీతల్లా ఉంటుంది. కొత్త ప్రతిలో ఎవరి మొహం మీద వాన నీరు, ఎవరి మొహం మీద కన్నీరు అన్నది తెలుస్తుంది. ఇది చదరపు కొలత సినిమా కాబట్టి తెరకి అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తాయి. అలాగే ఉండనివ్వండి.

రెండోది 'యొజింబో', దాని తర్వాత 1962లో వచ్చిన 'సంజురో' కలిపి ఉన్న 4కే సెట్టు. 'సంజురో' చివర్లో మిఫునె, ప్రత్యర్థిగా వేసిన తత్సుయా నకదాయ్ ఎదురెదురుగా నిలబడతారు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర. మాట లేదు, కదలిక లేదు. అలా ఎంతసేపో. ఒక్కసారి కత్తి మెరుస్తుంది, అంతే, నకదాయ్ గుండెలోంచి రక్తం ఫౌంటెన్‌లా చిమ్ముతుంది. బట్టల లోపల గొట్టం అమర్చి ఒత్తిడితో చిమ్మించారు. ఆ తర్వాత వచ్చిన వందల సినిమాలు ఆ రక్తాన్ని కాపీ కొట్టాయి. ముందున్న నిశ్శబ్దాన్ని కాపీ కొట్టగలిగినవాళ్లు బహు తక్కువ.

మూడోది మసాకి కొబయాషి 1962లో తీసిన 'హరాకిరి'. 1963లో కాన్స్‌లో జ్యూరీ ప్రత్యేక బహుమతి అందుకుంది. నన్నడిగితే ఈ మొత్తం తరగతిలో దీన్ని మించింది లేదు. 'సెవెన్ సమురాయ్' రాసిన ముగ్గురిలో ఒకడైన షినొబు హషిమొతోయే దీనికీ స్క్రీన్‌ప్లే రాశాడు. కథ 1630లో జరుగుతుంది. యుద్ధాలు ఆగిపోయి, చాలామంది ప్రభువుల సంస్థానాలు రద్దయి, వేలమంది సమురాయ్‌లు తిండికి లేక తిరుగుతున్న కాలం. ఒకడు పెద్ద జమీందారీ ఇంటి గుమ్మం దగ్గరకొచ్చి, మీ ముంగిట్లో కడుపు చీల్చుకుని గౌరవంగా చచ్చిపోతాను, అనుమతివ్వండి అంటాడు. అంతకుముందు ఇలాగే వచ్చిన ఒక కుర్రాడికి ఏం జరిగిందో ఆ ఇంటి పెద్ద చెప్పడం మొదలుపెడతాడు. ఆ కుర్రాడు ఇల్లు గడవక తన కత్తి అలుగు అమ్మేసుకుని, ఒరలో వెదురు ముక్క పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆ వెదురుతోనే చావమంటారు. ఆ సీను చూడటం చాలా కష్టం, మీకు ముందే చెబుతున్నాను. పరువు, వంశ మర్యాద అనే మాటల వెనక ఎంత క్రూరత్వం దాక్కోగలదో ఇంత సూటిగా చూపించిన సినిమా నాకు ఇంకోటి తెలీదు. కత్తియుద్ధం చాలాసేపటికి గానీ రాదు. వచ్చినప్పుడు గడ్డి మైదానంలో గాలి ఎలా వీస్తుందో చూడండి, ఇద్దరు మనుషుల కంటే ఆ గడ్డే ఎక్కువ పోరాడుతున్నట్టుంటుంది. నకదాయ్ కూతురూ అల్లుడూ ఉండే వయసు మనిషిగా నటించాడు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై కూడా దాటలేదు. ఇది ఎ రీజియన్ బ్లూరేగా ఎప్పట్నుంచో ఉంది. పైన చెప్పిన ప్లేయర్ ఉంటే హాయిగా చూడొచ్చు.

షింతరో కత్సు గుడ్డి మర్దనగాడుగా నటించిన 'జాటోయిచి' సినిమాల పెద్ద పెట్టె మీ అబ్బాయి కంట పడకుండా ఉండదు. 1962 నుంచి 1973 దాకా వచ్చిన 25 సినిమాలు ఒకే పెట్టెలో. చూడగానే ఆశపుడుతుంది. ఈ ఏడాదికి వద్దు, వచ్చే ఏడాదికి మాత్రం తప్పక తెప్పించుకోండి. కెంజి మిసుమి తీసిన మొదటి సినిమా ఆణిముత్యం. క్షయతో దగ్గుతున్న ఒక సమురాయ్‌కీ జాటోయిచికీ చెరువుగట్టు మీద చేపలు పడుతూ స్నేహం కుదురుతుంది. తర్వాత చెరో ముఠా తరఫునా నిలబడాల్సి వస్తుంది. ఒకరినొకరు చంపుకోక తప్పదని ఇద్దరికీ తెలుసు, ఇద్దరికీ ఇష్టం లేదు. కత్తి దూసే సందర్భాలు అందులో చాలా తక్కువ. ముందుకెళ్లేకొద్దీ కొన్ని సినిమాలు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అందుకే అది నెలకి రెండు చొప్పున చూసుకునే పెట్టె, పండక్కి కూర్చుని చూసేది కాదు.

కిహచి ఒకమొతో 1966లో తీసిన 'సోర్డ్ ఆఫ్ డూమ్' కూడా తర్వాతి విడతకే. ఎప్పుడు చూసినా ఒకటి గుర్తుంచుకోండి. ఆఖర్న నకదాయ్ కత్తి పైకెత్తి మీదకి వస్తుండగా బొమ్మ ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. డిస్కు ఆగిపోయిందనుకుని రిమోట్ నొక్కకండి. సినిమా అక్కడితో అయిపోయింది. పూర్తికాని ఒక మహా నవలని ఆధారంగా తీశారు, అనుకున్న తర్వాతి భాగాలు రానే లేదు. కత్సు అన్న తొమిసబురో వకయామా పసిబిడ్డని తోపుడుబండిలో పెట్టుకుని తిరిగే 'లోన్ వుల్ఫ్ అండ్ కబ్' వరస ఆరు సినిమాలు, 1972 నుంచి 1974 దాకా. రక్తం ఏరులై పారుతుంది. మనవడు పక్కనుండగా పెట్టకండి.

ఇప్పుడు మీ శ్రీమతిగారి సంగతి. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట ఇద్దరం కలిసి చూడాలన్నదే. ఈ డిస్కుల మీద తెలుగు సబ్‌టైటిల్స్ నేనెక్కడా చూడలేదు, ఇంగ్లీషే దిక్కు. అందుకని ఆవిడతో మొదలుపెట్టాల్సింది 'సెవెన్ సమురాయ్' కాదు, 'సంజురో'. గంటన్నర పైన ఒక్క ఆరు నిమిషాలు. 'యొజింబో' చూడకపోయినా అర్థమవుతుంది. తమ ఊళ్లో అవినీతిని ఎదిరించాలని ఆవేశపడే తొమ్మిదిమంది కుర్ర సమురాయ్‌లు, వాళ్లని ఏ పూటకాపూట కాపాడుతూ విసుక్కునే ఒక మాసిన బట్టల మిఫునె. తొమ్మిదిమందీ కోడిపిల్లల్లా ఆయన వెనక వరసకట్టి నడుస్తుంటే నవ్వడానికి సబ్‌టైటిల్స్ అక్కర్లేదు. దాడికి ఎప్పుడు రావాలో చెప్పడానికి కాలువలో కెమేలియా పూలు వదులుతారు. అదీ కళ్లకే తెలిసిపోతుంది. ఒక్క చోట మాత్రం ఆపి ఆవిడకి తెలుగులో చెప్పండి. శత్రువుల చెరలోంచి బయటపడ్డ ఒక పెద్దావిడ, ప్రాణాలు కాపాడిన మిఫునెకి థాంక్స్ చెబుతూనే మెత్తగా ఒక మాట అంటుంది: మీరు ఒర లేని కత్తిలా మెరుస్తూ ఉంటారు, బాగా కోస్తారు, కానీ నిజంగా మంచి కత్తి ఒరలోనే ఉంటుంది అని. అంత వీరుడూ చిన్నపిల్లాడిలా మొహం చిట్లిస్తాడు. చివరి పోరాటం తర్వాత ఆయనకి ఆవిడ మాటే గుర్తొస్తుంది. ఆ మాట తెలియకపోతే చివరి సీను ఉత్త రక్తపాతంగా మిగిలిపోతుంది.

'సెవెన్ సమురాయ్' కథయితే ఆవిడకి సగం తెలిసినట్టే. 'షోలే' చూసే ఉంటారు. ఊరిమీద పడే దొంగలు, కాపాడటానికి బయటినుంచి తెచ్చుకున్న వీరులు. తెలియని సంగతి ఒకటుంది. ఆ ఊరి రైతుల దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు. సమురాయ్‌లకి వరి అన్నం పెట్టి, తాము చిరుధాన్యాలు తింటారు. వరి అన్నం పండగరోజే దొరికిన ఇళ్లలో పుట్టిన మన పెద్దవాళ్లకి ఆ అన్నం గిన్నె విలువ ఏ సబ్‌టైటిలూ చెప్పక్కర్లేదు. సినిమా మూడున్నర గంటలని భయపడకండి. మధ్యలో సంగీతంతో సహా నిజమైన విశ్రాంతి ఉంది. భోగి రాత్రి విశ్రాంతి దాకా, మర్నాడు మిగతాది. అక్కడక్కడా ఆపుతూ చూస్తే తప్పేం లేదు, క్యూజో ద్వంద్వ యుద్ధం లాంటి చోట మాత్రం ఆపకండి.

డిస్కు పెట్టే ముందు టీవీ సెట్టింగుల్లోకి వెళ్లాలి, లేకపోతే ఇంత ఖర్చూ వృథా. కదలికల్ని నునుపు చేసే మోషన్ స్మూతింగ్ ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పెడుతుంది. ఏ పేరుతో ఉన్నా తీసెయ్యండి. అది ఉంటే కత్తి వేటు సీరియల్లో సీనులా కనిపిస్తుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. బొమ్మలో సన్నటి ఇసకలా కదిలేది లోపం కాదు, అది ఫిల్ము గరుకుదనం, ఉండాలి. తెర నిండా కనిపించాలని జూమ్ నొక్కారంటే మళ్లీ ఆ కత్తిరించిన క్యాసెట్టు దగ్గరికే వస్తారు. ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా నొక్కుతారు, రిమోట్ మీ దగ్గరే ఉంచుకోండి.

మీ ఉత్తరం అక్టోబరులో అందింది కాబట్టి ఇంకా టైముంది. అమెరికాలో బార్న్స్ అండ్ నోబుల్ అనే పుస్తకాల దుకాణం ఏటా జులైలో, మళ్లీ నవంబరులో క్రైటీరియన్ డిస్కులు సగం ధరకి అమ్ముతుంది. ఒక బ్లూరే అసలు ధర దాదాపు 40 డాలర్లు, 4కే అయితే 50, సెట్లయితే ఇంకా ఎక్కువ. మూడు పెట్టెల మీద మిగిలే డబ్బు ప్లేయర్‌కి పనికొస్తుంది. మీ అబ్బాయికి ఇవాళే రాసెయ్యండి: ప్లేయర్ ఇప్పుడే ఆర్డర్ చెయ్యాలి, వచ్చాక ఏదైనా డిస్కు పెట్టి అక్కడే ఆడించి చూడాలి, సినిమాలు మాత్రం నవంబరు దాకా ఆగి కొనాలి, 'హరాకిరి' తప్ప మిగతా రెండు పెట్టెల మీద 4కే అని ఉందో లేదో చూసుకోవాలి. 'సెవెన్ సమురాయ్' పాత బ్లూరే కూడా ఇంచుమించు ఇలాంటి అట్టతోనే అల్మారాలో పక్కనే ఉండొచ్చు.